ఎడమ పక్కకు తిరగండమ్మా

గంట మోగింది, తెర పక్కకు జరిగింది, తెల్లకోటు ఒకటి లోపలికి వచ్చింది. నాలుగో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నావిడ ముందు ఆ కోటు చేతులను చూసింది, మొహాన్ని తర్వాత చూసింది. ముప్పయ్యేళ్లుగా బట్టలు కుట్టే మనిషికి అది పోయే అలవాటు కాదు. కోటు ఈ పిల్లది కాదు, ఎవరో పొడుగాటి మనిషిది. భుజాలు లోపలికి తీసి, చేతులు రెండంగుళాలు పైకి మడిచి, సూదితో కుట్టారు. కుట్టు వంకరే గానీ గట్టిది, పోయిన చోటికే సూది మళ్లీ పోయింది. "ఆ చేతులు ఎవరు కుట్టారు తల్లీ?" అని ఉండబట్టలేక అడిగేసింది. పిల్ల కంగారుగా చెయ్యి తిప్పి చూసుకుంది. "నేనేనమ్మా." "తెలుస్తూనే ఉందిలే." పిల్లకు నవ్వొచ్చింది. నవ్వి, స్టూలు ముందుకు లాక్కుని, ఆవిడ కళ్లకు తన కళ్లు సమానంగా వచ్చేట్టు కూర్చుంది. పరీక్షకు వచ్చే పిల్లలు కూర్చోవడం ఆవిడ ఎప్పుడోగానీ చూడలేదు. వాళ్లు నిలబడి, ఒక కన్ను గోడ గడియారం మీద, ఒక కన్ను కాగితం మీద వేసి, మధ్యలో ఎక్కడో ఉన్న మనిషిని ప్రశ్నలు అడుగుతారు.

ముప్పావుగంట ఉంటుంది వాళ్లకు. డాక్టరు చదువులో ఆఖరి పరీక్ష ఇది. ఒక్కో పిల్లనీ ఒక్కో రోగి దగ్గర వదిలేస్తారు. అడగాలి, చూడాలి, తాకాలి, వినాలి, రాసుకోవాలి. తర్వాత పరీక్ష పెట్టే పెద్దసారు వచ్చి, ఈవిడ జబ్బేమిటి, నీకెలా తెలిసింది అని నిలదీస్తాడు. ఆవిడ పదకొండేళ్లుగా ఏడాదికి రెండుసార్లు ఈ మంచం మీదికి వస్తోంది. ఆవిడ గుండెలో ఎడమవైపు కవాటం ఒకటి ఇరుకు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, ఆ వెంట కీళ్లన్నీ వాచి జ్వరంతో మంచం పట్టినప్పుడు పడిన మచ్చ అది. ఆ ఇరుకులోంచి రక్తం తోసుకుంటూ పోతుంటే చప్పుడవుతుంది. అంత చక్కగా వినిపించే చప్పుడు ఊరంతా వెతికినా దొరకదని డాక్టర్ల మాట. అందుకే పిల్లలు ఆవిడకు సిలబస్ అమ్మ అని పేరు పెట్టుకున్నారు, ఆవిడకు తెలియదనుకుంటారు. ఆవిడ గురించి సీనియర్లు రాసిపెట్టిన కాగితం ఒకటి హాస్టల్లో చేతులు మారుతుందని కూడా ఆవిడకు తెలుసు. ఒకసారి ఒక పిల్లాడు కంగారులో ఆవిడ వయసు అడక్కుండా కాగితంలో ఉన్నది రాసేశాడు. ఐదేళ్లు తగ్గాయని ఆవిడ కూడా సంతోషంగా ఊరుకుంది.

"చెప్పండమ్మా, ఏమిటి మీ ఇబ్బంది?" ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆవిడ మొదలుపెట్టింది. ఆయాసం, పన్నెండేళ్లుగా. రెండంతస్తులు ఎక్కితే వస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. గుండెదడ అప్పుడప్పుడు. కాళ్లవాపు లేదు. రాత్రి ఊపిరాడటానికి తలకింద రెండు దిండ్లు. చిన్నప్పుడు కీళ్లనొప్పులు, మోకాలి నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకి. ఇప్పుడు మూడు వారాలకోసారి ఇంజక్షను, పొద్దున్నే ఒంట్లో నీరు దిగడానికి నీళ్లబిళ్ల. తడుముకోకుండా, ఎక్కడ ఆపితే పిల్లలకు రాసుకోవడానికి వీలవుతుందో అక్కడ ఆపుతూ చెప్పింది. తన జబ్బు కనిపెట్టిన పెద్ద డాక్టరమ్మ నేర్పిన వరస అది. అంతా అయ్యాక, మంచిగా చెప్పాను కదా అన్నట్టు పిల్ల మొహంలోకి చూసింది. కాగితం మీద ఏమీ లేదు. పిల్ల పెన్ను పట్టుకుని అలాగే ఉంది. "అమ్మా," అంది మెల్లగా, "ఇంతకుముందు చేస్తూ, ఇప్పుడు మానేసిన పని ఏదైనా ఉందా?"

ఎవరూ అడగలేదు ఆ మాట. ఎన్ని మెట్లు, ఎన్ని దిండ్లు, ఎన్నిసార్లు, ఇవే అడుగుతారు, అన్నిటికీ ఆవిడ దగ్గర అంకెలున్నాయి. మానేసిన పని. మిషను తొక్కడం మానేసి రెండు నెలలు దాటింది కదా. చెల్లెలు తొక్కుతోంది, తను పక్కన కూర్చుని కాజాలు కుడుతోంది. కూర్చుని చేసే పని నాకిష్టమే అని చెల్లెలితో అంది. బట్టల మూట మోయడం మానేసింది. దుకాణం వెనక గదిలో పైఅరలో ఉన్న దారపుకండెలు కిందికి దింపించుకుంది, పైన దుమ్ము పడుతోందని వంక పెట్టి. రాత్రిళ్లు రెండు కాదు, మూడు దిండ్లు, మూడోది చెల్లెలి మంచం మీదిది. చెల్లెలు మెడ కింద బట్టల పొట్లం పెట్టుకుని పడుకుంటోంది, ఎందుకక్కా అని అడగదు, అడిగితే తను కసురుతుందని దానికి తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఎంత కుంచించుకుపోయింది తన రోజు! నెమ్మదిగా, ఎవరూ చూడకుండా, తను కూడా చూడకుండా, గుడ్డ ఒక్కో ఉతుక్కీ కాస్త కాస్త కుదించుకుపోయినట్టు. "మిషను తొక్కడం మానేశాను తల్లీ," అని నోరు జారింది. ఇది కాగితంలో లేదు. ఈ పిల్ల చదువుకుని వచ్చింది పదకొండేళ్ల కిందటి తనని. ఇప్పటి తనని చెప్తే పిల్ల జవాబు తప్పయిపోదూ? "అంటే, ఓపిక లేక కాదు, చెల్లెలుంది కదా అని..." అని సర్దబోయింది. పిల్ల అప్పటికే రాసేసింది.

వరస తప్పకూడదని పెద్ద డాక్టరమ్మ ఎంత చెప్పేది! ఆవిడ పోయి నాలుగేళ్లు. ఆవిడ దగ్గరికి రాకముందు ఐదుగురు డాక్టర్ల చుట్టూ తిరిగింది తను. ఒకాయన రక్తం తక్కువ అన్నాడు, ఒకాయన నరాల బలహీనత అన్నాడు, ఇంకొకాయన కళ్లజోడు పైనుంచి చూసి ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అన్నాడు. పెళ్లే చేసుకోని మనిషిని పట్టుకుని! పెద్ద డాక్టరమ్మ మాత్రం ఏమీ అనలేదు. పొట్టిగా, లావుగా, నడిస్తే చెప్పులు టపటపలాడే మనిషి. ఎడమ పక్కకు తిరగండమ్మా అంది, ఊపిరి వదిలి బిగబట్టండి అంది, రొమ్ము కింద ఒక్క చోట స్టెతస్కోపు ఆనించి కళ్లు మూసుకుంది. ఎంతసేపు విందో. బయట ఎవరో పిలిచినా పలకలేదు. తన గుండె దగ్గర ఒక మనిషి అంతసేపు మౌనంగా ఉండటం అదే మొదటిసారి. తర్వాత ఆ గొట్టాలు తీసి తన చెవుల్లో పెట్టింది. "వినండి, మీదే." విన్నది. మందపాటి మడత మీద మిషను నడుస్తున్న చప్పుడు. గరగరగరమని సాగి, చివర్లో కాస్త గట్టిపడి, టక్కుమని ఆగి, మళ్లీ గరగర. తప్పకుండా, లయగా, ఒకే వేగంతో. నా లోపల కూడా ఒక మిషనుందా అని నవ్వొచ్చింది, నవ్వుతూ ఏడ్చింది. ఇంకా కోయాల్సినంత ఇరుకు కాలేదు, మందులతో నడుస్తుంది అని చెప్పి, ఆ మీదట పెద్ద డాక్టరమ్మ అడిగింది: "మా పిల్లలకి ఈ చప్పుడు వినిపిస్తారా? పుస్తకంలో ఎంత రాసినా ఇది రాదు." ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి తను. ఆ పూట ఇంటికెళ్లి చెల్లెలితో, నేను డాక్టర్లకు పాఠం చెప్పబోతున్నానే అంది. ముందు నాలుగు గుండీలు సరిగ్గా కుట్టక్కా అంది చెల్లెలు. అయినా ఆ రాత్రి అద్దం ముందు నిలబడి వరసంతా అప్పజెప్పుకుంది. అప్పజెప్పడం అలా అలవాటైపోయింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఏడాది వెంట ఏడాది. లోపల గుండె మారుతున్నా పాఠం మారలేదు.

ఇప్పుడీ పిల్ల అరచేతులు రెండూ కలిపి గట్టిగా రుద్దుకుంటోంది. "చల్లగా ఉన్నాయమ్మా, ఒక్క నిమిషం." వేళ్లు చూసింది, గోళ్లు చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది. సూది గుచ్చుకుని గట్టిపడిన చూపుడువేలి కొసను ఒక్క క్షణం బొటనవేలితో తడిమింది. జబ్బు కోసం కాదు అది, ఊరికే. తర్వాత మణికట్టు పట్టుకుని గడియారం వైపు చూసింది. పిల్లలందరూ పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తారు, ఆవిడకు తెలుసు, వాళ్ల పెదాలు కదలడం ఎక్కడ ఆగుతుందో చూస్తుంది. ఈ పిల్ల పెదాలు పావు నిమిషం దాటాయి, అర దాటాయి. నిమిషం నిండింది. వదల్లేదు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. మళ్లీ మొదలుపెట్టింది. ఆవిడ మనసులోనే తొందరపెట్టింది. ఎందుకు తల్లీ అంతసేపు, రాసుకో, డెబ్భై ఆరు, సమంగా ఉంది, కాగితంలో అలాగే ఉంటుంది, రాసుకుని ముందుకెళ్లు. ఈ రెండు నెలలుగా లోపలి మిషను కుట్టు తప్పుతోందని ఆవిడకు తెలియదా? నాలుగు కుట్లు గబగబా పడి, ఒకటి ఎగిరిపోయి, ఆగి, మళ్లీ రెండు పడతాయి. దుకాణంలో మిషను అలా చేస్తే సూది మార్చి చూస్తుంది, నూనె వేసి చూస్తుంది. దీనికి ఏం చేస్తుంది? వయసు అనుకుంది. ఈ వయసులో ఆడవాళ్లకు ఒళ్లు అటూ ఇటూ అవుతుందని అందరూ అంటారు కదా అనుకుంది.

పిల్ల మెడ పక్కన నరం చూసింది, తల కాస్త అటు తిప్పించి, వంగి, వెలుతురు పడేట్టు తను పక్కకు జరిగి. గుండె మీద అరచెయ్యి పరిచి ఉంచింది. ఇక్కడ చాలామంది సిగ్గుపడతారు, వాళ్ల సిగ్గుకు ఆవిడ సిగ్గుపడాల్సి వస్తుంది. ఈ పిల్ల దుప్పటి ఎంత జరపాలో అంతే జరిపింది, ఎక్కడ చెయ్యి పెట్టబోతోందో ముందు చెప్పి పెట్టింది. స్టెతస్కోపు ఛాతీ మీద, రెండో చేతి వేళ్లు మణికట్టు మీద, రెండూ ఒక్కసారే. లోపల కొట్టుకున్నవన్నీ చేతిదాకా వస్తున్నాయా లేదా అని చూస్తోందన్నమాట. పెద్ద డాక్టరమ్మ అలా చేసేది. ఎవరు నేర్పారు దీనికి? ఎవరూ నేర్పకపోతే మాత్రం, ఏ గుడ్డి దీపం కింద కూర్చుని ఎన్నిసార్లు తన గుండె తనే విని నేర్చుకుందో. తన పిల్ల కాదు, చుట్టం కాదు, అయినా దీన్ని చూస్తుంటే ఛాతీ ఉప్పొంగుతోంది. ఉప్పొంగితే చప్పుడు మారుతుందేమో అని బిగబట్టుకుంది.

"ఎడమ పక్కకు తిరగండమ్మా. ఊపిరి పీల్చి, వదిలి, ఆపండి."

గోడ వైపు తిరిగింది. లేతాకుపచ్చ రంగు వేసిన గోడ, ఎవరో గోటితో గీసిన చిన్న గీత. ఊపిరి ఆపితే లోకం ఆగుతుంది. ఆగినప్పుడల్లా పోయిన మంగళవారమే కళ్ల ముందుకొస్తోంది. కాలరు గుడ్డ కత్తిరిస్తోంది. కుడిచేతిలో కత్తెర ఉంది, ఉన్నట్టే ఉంది, కింద పడ్డ చప్పుడైంది. ఎవరి కత్తెర పడింది అనుకుంది. వంగి తీద్దామంటే చెయ్యి రాలేదు, ఒళ్లో ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. చెల్లెలు మిషను మీంచి, అక్కా ఆ గుండీ ఇటివ్వు అంది. ఇస్తానే అనబోతే నోట్లోంచి మాట రాలేదు, ఏదో ముద్ద వచ్చింది. నిద్రపోతున్నావా అక్కా అని చెల్లెలు తల ఎత్తకుండానే నవ్వింది. బల్ల మీద టీ చల్లారేంతసేపు. అంతే, మళ్లీ వేళ్లు కదిలాయి, మాట వచ్చింది. కత్తెర తీసుకుని కాలరు పూర్తిచేసింది, ఒక్క దారప్పోగు కూడా పక్కకు పోలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నిజమవుతుంది. ఈ చెయ్యి పోతే తనకేం మిగులుతుంది? "వదలండమ్మా, ఊపిరి వదలండి." వదిలింది. "ఇంకొక్కసారి." ఇంకొక్కసారి ఆపింది. పిల్ల విన్నది. మళ్లీ విన్నది. ఆవిడ మెడ తిప్పి చూస్తే పిల్ల కళ్లు మూసుకుని ఉంది, నుదుటి మీద చెమట చుక్క ముక్కు దాకా జారినా తుడుచుకోలేదు.

వీపు మీద విన్నాక, కాళ్లు నొక్కి చూశాక, పిల్ల మళ్లీ స్టూలు మీద కూర్చుంది. "అమ్మా, ఒక మాట. చెయ్యి గానీ కాలు గానీ కాసేపు పట్టు తప్పడం, మాట తడబడటం, ఎప్పుడైనా అయిందా? కొద్దిసేపైనా సరే." ఎంత సూటిగా వచ్చి ఎక్కడ గుచ్చింది! "లేదు తల్లీ," అంది ఆవిడ. గబుక్కున వచ్చేసింది. పిల్ల అబద్ధమనలేదు, నిజమనీ అనుకోలేదు. "నా వేళ్లు గట్టిగా పట్టుకోండి," అంది. రెండు చేతులతోనూ పట్టుకుంది, కుడిచేత్తో కావాలనే ఇంకాస్త గట్టిగా. పిల్ల వేళ్లు నొక్కుకుపోయి తెల్లబడ్డా మొహం చిట్లించలేదు. గడియారంలో పది నిమిషాలున్నాయి. పిల్ల గొంతు తగ్గించింది. "మీ గురించి మా సీనియర్లు రాసిన కాగితం నాకు కంఠతా వచ్చమ్మా. అది అప్పజెప్తే పాసవుతాను. కానీ నాకు వినిపించింది అది కాదు. చప్పుడు చివర్లో గట్టిపడుతుందని రాసుంది, గట్టిపడటం లేదు. నాడి సమంగా ఉంటుందని రాసుంది, లేదు. నేనే తప్పు వింటున్నానేమో తెలీదు. తప్పితే ఆరు నెలలు ఆగాలి, ఆగుతాను. మా ఇంట్లో ఇక్కడిదాకా వచ్చింది నేనొక్కదాన్నే, మా అమ్మ పొద్దుట్నుంచీ గేటు బయటే నిలబడి ఉంది. అయినా విననిది విన్నానని ఎలా రాయను?" ఆవిడను అడుగుతున్నట్టు లేదు, తనకు తానే గట్టిగా చెప్పుకుంటున్నట్టుంది. ఆవిడ కుడిచెయ్యి ఒళ్లోకి లాక్కుంది. చెప్పేయనా? చెప్తే ఈ పిల్లకు మేలా, కీడా? సారు చేతిలోని కేసు కాగితంలో కూడా ఆ పాత సంగతులే ఉంటాయే!

గంట మోగింది. పెద్దసారు వచ్చాడు, చల్లని మనిషి, ప్రతిసారీ బాగున్నారా అని అడుగుతాడు, జవాబు వచ్చేలోపు పేజీ తిప్పుతాడు. పిల్ల లేచి నిలబడి చెప్పింది. ఏదీ దాటవేయలేదు. దర్జీపని చేస్తారు, రెండు నెలలుగా మిషను తొక్కలేకపోతున్నారు అని మొదలుపెట్టింది. పదకొండేళ్లలో తన కథ ఆయాసంతో కాక తన పనితో మొదలవడం ఆవిడ వినలేదు. నాడి దగ్గరికొచ్చేసరికి సారు తలెత్తాడు. "సమంగా లేదా? ఈవిడని నేను ఆరేళ్లుగా చూస్తున్నానమ్మా. కంగారుపడకు. ఇంకోసారి చూసి చెప్పు." మంచివాడే, దారి చూపిస్తున్నాడు, దిద్దుకోమంటున్నాడు. పిల్ల వచ్చి మణికట్టు పట్టుకుంది. ఇప్పుడా వేళ్లు నిజంగా చల్లబడి ఉన్నాయి. గడియారం వైపు చూసింది, పూర్తిగా ఒక నిమిషం. "సమంగా లేదు సార్," అంది. మాట మార్చలేదు. సారు నిట్టూర్చి పెన్ను మూత తీశాడు.

ఆ పెన్ను కాగితం మీదికి వంగుతుంటే ఆవిడకు ఇంకేమీ కనిపించలేదు. "ఆ పిల్ల తప్పు లేదు సార్," అంది. రోగి మాట్లాడకూడదు, అడిగితేనే చెప్పాలి, అది నియమం. "అబద్ధం చెప్పింది నేను. పోయిన మంగళవారం నా కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. టీ చల్లారేంతసేపే, మళ్లీ వచ్చేసింది. ఈ పిల్ల సరిగ్గా అడిగింది, నేనే లేదన్నాను. మీ కాగితంలో ఉన్నది పాత నేను సార్, ఈ పిల్లకు ఇప్పటి నేను దొరికాను." ఒక్క గుక్కలో అనేసి ఆయాసంతో ఆగిపోయింది. సారు పెన్ను మూత పెట్టాడు. కాగితాల దొంతర మంచం చివర పెట్టేసి, పిల్ల కూర్చున్న స్టూలు మీదే కూర్చుని, ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. ఆవిడ ఆయన మొహమే చూసింది. పావు నిమిషానికి కళ్లు చికిలించాడు. అర నిమిషానికి దవడ బిగుసుకుంది. నిమిషానికి తల వంచుకున్నాడు. "ఆరేళ్లుగా మీ చెయ్యి పట్టుకోలేదమ్మా నేను," అన్నాడు. "కాగితం చూసి మార్కులేశాను." తర్వాత లేచి, గుండె లయ తప్పి పైగదిలో రక్తం గడ్డకట్టి ఉంటుంది, ముక్క విడివడి మెదడుకి పోయి ఉంటుంది, ఈసారి అదృష్టం, వచ్చేసారి చెప్పలేం, ఇప్పుడే పైన చేర్పించాలి, రక్తం పలచబడే మందు ఈ పూటే మొదలవ్వాలి అని నర్సుతో గబగబా చెప్పాడు. నాలుగో మంచానికి ఇంకో కేసు చూడాలి కదా సార్, నలుగురు పిల్లలున్నారు అని నర్సు నసిగింది. "ఆగనీ," అన్నాడు సారు. పిల్ల వైపు తిరిగి, "నువ్వు కూడా వెళ్లు. పైన గుండె డాక్టరుకి నువ్వే చెప్పాలి, మొదట్నుంచీ, మీరు విన్నది విన్నట్టు," అన్నాడు. ఒక విద్యార్థిని మీరు అన్నానని ఆయన గమనించలేదు. ఆవిడ గమనించింది.

చక్రాల కుర్చీ వచ్చింది. నడవగలనని ఆవిడ అంది, ఎవరూ వినిపించుకోలేదు. తెర బయట వసారాలో మిగతా పిల్లలు కాగితాలు గుండెలకు అదుముకుని, సిలబస్ అమ్మ కుర్చీలో వెళ్లిపోతుంటే నోళ్లు తెరిచి చూస్తున్నారు. భయంగానే ఉంది. చెల్లెలికి కబురు పెట్టాలి, అది ఏడుస్తుంది, తర్వాత తిడుతుంది. చెయ్యి పోదా, నిజంగా పోదా, మళ్లీ కత్తెర పట్టొచ్చా, ఎవర్నడగాలి. కుర్చీ పక్కనే ఆ వదులు కోటు నడుస్తోంది. ఆవిడ చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆవిడ నాడి పట్టుకునే ఉంది. "పాసయ్యావా తల్లీ?" అని అడిగింది ఆవిడ. "తెలీదమ్మా. మీరు మాట్లాడకండి, ఆయాసం వస్తుంది." ఆవిడ ఇంకా ఏదో అడగబోయి ఆగింది. డాక్టరు చెప్పింది కదా అని నోరు మూసుకుంది.